ఖాళీలు తుడిచిన నక్క

అడవిలో వాగుకు అడ్డంగా ఒక కట్ట, ఆ కట్టకు ఒక తూము ఉండేవి. తూము తలుపు ఎత్తడం, దించడం కంప్యూటర్ పని. దానికి ఎవరి భాషలో వాళ్లు పనులు రాసిపెట్టేవారు. ఏనుగవ్వది పాతకాలపు భాష, చిన్న సంగతికీ శుభలేఖంత వాక్యం కావాలి. చీమలు ఒకట్లూ సున్నాలూ తప్ప మరోటి ముట్టుకోవు. ఒంటినిండా పొలుసులున్న అలుగు అనే జంతువు రాత బ్రాకెట్లో బ్రాకెట్‌గా తనలాగే ముడుచుకుని ఉంటుంది. ఇక ఊసరవెల్లి వట్టి ఖాళీలతోనే రాస్తుంది. తెర మీద చూస్తే ఏమీ కనబడదు.

నక్క ఎక్కడో ఇంకెవరికీ రాని ఒక కొత్త భాష నేర్చుకొచ్చింది. అన్నీ అందులోకి మారిస్తే, నీళ్లు కావాలన్నవాళ్లు తన గడప తొక్కక తప్పదని దాని ఆశ. పైకి మాత్రం, ఇన్ని భాషలతో కంప్యూటర్ నలిగిపోతోందని తెగ జాలిపడింది. అడవి సరేనంది.

చీమల రాత, అలుగు రాత ఇట్టే మార్చేసింది. ఏనుగవ్వ రాత దగ్గరికి వచ్చేసరికి ఊసరవెల్లి అడ్డుపడింది.

"బావా, అవ్వ మాటల మధ్య ఉన్న ఖాళీలు నా రాత. తలుపు తెరవమని అవ్వ మాటలు చెబుతాయి, మూయమని ఆ ఖాళీలు చెబుతాయి. వాటిని తుడవకు."

నక్కకు నవ్వాగలేదు. "చోటు దండగ చేసి, దానికి భాష అని పేరు కూడానా?"

ఏనుగవ్వ వాదించలేదు. నక్క బొరియ ఎక్కడని మాత్రం అడిగింది. కట్ట కిందేనని చెప్పి, నక్క ఖాళీలన్నీ శుభ్రంగా తుడిచేసి, మిగిలింది తన భాషలోకి దించుకుంది.

మర్నాడు తలుపు చక్కగా లేచింది. నక్క మీసం దువ్వుకుంది. కింది మడుగులు నిండాయి, తలుపు దిగలేదు. ఎన్ని నీళ్లకు మూయాలో, ఎంత మెల్లగా దించాలో అంతా ఆ ఖాళీల్లోనే ఉండేది. వేసవికి దాచిన నీరు పోతూనే ఉంది. నక్క బొరియలోకి కూడా వచ్చింది. దానికి నిజంగానే భయమేసింది, తడిసిన తోకతో ఊసరవెల్లి దగ్గరికి పరిగెత్తింది.

"బావా, నా ఇల్లు మునిగింది. ఆ ఖాళీలు మళ్లీ రాసిపెట్టు."

ఊసరవెల్లి కొమ్మ దిగొచ్చి, తీరిగ్గా కూర్చుని రాసింది. తెర మీద చుక్క కూడా పడలేదు. తలుపు మాత్రం మెల్లగా దిగింది.

ఆ తర్వాత ఎవరి రాత వాళ్లు మళ్లీ రాసుకున్నారు. నక్క చాలాకాలం బొరియలో బురద ఎత్తిపోసుకుంటూనే ఉంది.

నీతి: తనకు చదవడం రానిదంతా ఖాళీ అనుకునేవాడు తన కొంప తానే ముంచుకుంటాడు.