కప్‌బోర్డు తలుపు

నా కూతురు ప్రణతి నాతో మాట్లాడడం మానేసి పదకొండు రోజులైంది. తప్పు నాదే. హాస్టల్లో చేరిన దగ్గర్నుంచి రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని. తిన్నావా, రికార్డు రాశావా, అటెండెన్స్ ఎంత. అది ఎత్తకపోతే రూమ్మేటుకు చేశాను. ఆ పిల్ల కూడా ఎత్తకపోతే వార్డెన్‌కు చేశాను. వార్డెన్ దాన్ని మెస్‌లో అందరి ముందూ పిలిచి, "మీ అమ్మ బెంగ పెట్టుకుంది, ఫోన్ చెయ్యమ్మా" అన్నదట. ఆ సాయంత్రమే మెసేజ్ వచ్చింది: "బాగానే ఉన్నాను. ఇంక నాకు ఫోన్ చెయ్యకు." ఆ తర్వాత కూడా నేను చేస్తూనే ఉన్నాను.

శనివారాలు నేను గుంటూరు నుంచి తెనాలి వెళ్ళి కామేశ్వరమ్మగారి దగ్గర వేదాంతం పాఠం వింటాను. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబుకు బదులు ఇంట్లో ఏదో ఒక పని చెప్పడం ఆవిడ అలవాటు. నేను ప్రశ్నతో వచ్చానని, పాఠం వినేవాళ్ళలో పెద్దాయన సోమయాజులుగారు నా మొహం చూసే కనిపెట్టారు. "ఆలోచించుకుని అడుగమ్మా. పోయిన నెల వైరాగ్యం అంటే ఏమిటని అడిగాను, వాటర్ ట్యాంకు కడిగించారు" అన్నారు.

ఆలోచించే ఓపిక నాకు లేదు. పాఠం మొదలుకాకముందే అడిగేశాను. "అమ్మగారూ, సాయంత్రం బస్సుకు హాస్టల్‌కి వెళ్ళి ప్రణతిని ఎదురుగా కూర్చోబెట్టి అడుగుదామనుకుంటున్నాను. ఎంత పట్టించుకుంటే అంత దూరం జరుగుతోంది. నేను ఇంకేం చెయ్యాలి?"

ఆవిడ సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి నా చేతికిచ్చారు. "పొయ్యి పైన కప్‌బోర్డు తలుపు వేలాడుతోంది, చూడు."

ఆ తలుపు నాకు కొత్త కాదు. శనివారం శనివారం మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే దాని మడతబందు స్క్రూలు బిగించి వస్తుంటాను. ఇప్పుడూ బిగించాను. స్క్రూ తిరుగుతోంది గాని ఎక్కడా ఆగడం లేదు. బలమంతా పెట్టి నొక్కి తిప్పాను. చెయ్యి తియ్యగానే స్క్రూ జారి కందిపప్పు డబ్బా మీద పడింది. తలుపు ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఇంకాస్త పొడుగు స్క్రూ ఉందా?" అన్నాను.

"ఉంది. తలుపు అవతలకి పొడుచుకొస్తుంది." ఆవిడ రంధ్రంలో వేలు పెట్టి తిప్పారు. చెక్కపొట్టు పిండిలా రాలింది. "వారం వారం దీన్ని బిగిస్తున్నదెవరు?"

"నేనే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కాస్త వదులుగా కనిపిస్తే..."

హాల్లోంచి సోమయాజులుగారు అందుకున్నారు. "ఈ అమ్మాయి పాఠాల్లో చేరకముందు ఆ తలుపు శుభ్రంగా ఉండేదండీ!"

కామేశ్వరమ్మగారు నవ్వలేదు. నాచేత తలుపు ఊడదీయించి నేల మీద పడుకోబెట్టించారు. అగ్గిపుల్లల మందు గిల్లేసి, ఫెవికాల్‌లో ముంచి, అరిగిన రంధ్రాలు పూడేలా ఒక్కోదాంట్లో మూడేసి దూర్చమన్నారు. దూర్చాను.

"ఇప్పుడు బిగించనా?"

"రేపు. సోమయాజులుగారు బిగిస్తారు. రా, పాఠానికి వేళైంది."

ఆ రోజు పాఠంలో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. కొంగు చాటున ఫోన్ మూడుసార్లు చూసుకున్నాను. దాహం లేకపోయినా రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళాను. మొదటిసారి అగ్గిపుల్లను నొక్కి చూస్తే వేలికి జిగురు అంటింది. రెండోసారి నొక్కితే పుల్ల కదిలింది. సరిచేద్దామని పట్టుకున్నాను, ఊడి చేతిలోకి వచ్చేసింది. దాన్ని మళ్ళీ లోపలికి తోస్తుంటే మిగతా రెండూ పైకి లేచాయి.

తలెత్తితే గుమ్మంలో ఆవిడ. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, పుల్ల అందుకుని, మూడింటినీ మళ్ళీ జిగురులో ముంచి దూర్చారు. వేళ్ళు పాతగుడ్డకు తుడుచుకున్నారు.

"జిగురు ఎండడానికి నీ సాయం అక్కర్లేదు, అరుంధతీ" అన్నారు.

సాయంత్రం బస్టాండులో హాస్టల్ ఉన్న ఊరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను గుంటూరు బస్సెక్కాను. ప్రణతి తనంతట తాను చేసేదాకా నేను ఫోన్ చెయ్యకూడదని, టికెట్ తీసుకునేలోపే నిర్ణయించుకున్నాను. దాని ఫోన్ రావడానికి నలభై మూడు రోజులు పట్టింది. నేను చెయ్యలేదు.