సుంకి రోకలి నీడ

అనగనగా ఒక కాలం. రాజులు పుట్టలేదు, రూకలు పుట్టలేదు, కొర్రలు మాత్రం పుట్టాయి. కాబట్టి దంచే చేతులూ ఉండేవి. అందులో రెండు సుంకివి.

చనిపోయిన ఊరిపెద్ద ఎముకలకు గుట్టమీద రాతిగది కడుతున్నారు. ఆ రాళ్లు లాగేవాళ్లకు సుంకి కొర్రలు దంచి గంజి కాచేది. గదికి ముందుబండలో గుండ్రటి కంత. ఏడాదిలో పగలు బాగా కురచైన రోజుల్లో, పొద్దు పొడవగానే ఆ కంతలోంచి వెలుగు వెళ్లి ఎముకలను తాకాలి. మూడు చలికాలాలు తాకకపోతే గది పగలగొట్టాలి. అదీ ఆచారం.

ఆ కంతబండను లాగేటప్పుడు మోకు తెగింది. సుంకి మొగుడు మద్ది దానికింద పడి పోయాడు. అతన్ని ఉత్త మట్టిలో పెట్టారు. గంజి తాగేవాడికి రాయి ఎవరు పెడతారు?

అప్పటినుంచి సుంకి రోజూ తెల్లవారగానే, తాను దంచే బండగుంటలో రోకలి నిలబెట్టి, నీడ పడినచోట రాతితో ఒక చుక్క పొడిచేది. ఆయన పోయి ఒక రోజు. ఆయన పోయి రెండు రోజులు. నీడ రోజూ కాస్త జరిగేది.

పెద్దలేమో ఎండాకాలంలో బండ నిలబెట్టేవాళ్లు. చలికాలం పొద్దు ఎక్కడ పొడిచిందంటే తలా ఒక దిక్కు చూపించేవాళ్లు. మొదటి ఏడు ఒకరి మాట విన్నారు. వెలుగు గోడమీద పడింది. రెండో ఏడు ఇంకొకరి మాట. మళ్లీ గోడే. మూడో ఏడు అందరికన్నా గొంతు పెద్దదైన కాటయ్య మాట. అప్పుడూ గోడే.

"పగలగొట్టండి" అన్నాడు కాటయ్య, తప్పంతా బండదే అయినట్టు.

సుంకి గంజికుండ దించి బండకు అడ్డం నిలబడింది.

"దీనికిందే నా మొగుడు పోయినాడయ్యా. దీన్ని పగలగొడితే ఆయప్ప ఊరికే పోయినట్టే గదా!"

"పొద్దు ఎనక్కి తిరిగిపోతాదే. ఇంకేం చేసేది?"

"ఇంకా తిరగలేదు. నా చుక్కలు చూడండి. పొద్దు ఈ కొసన కొన్నాళ్లు నిలబడతాది."

పెద్దలు వంగి చూశారు. మూడేళ్ల చుక్కలు, మూడు వరసలు. రెండు వరసలు ఒకేచోట ఒత్తుగా చేరి వెనక్కి మళ్లాయి. మూడోది ఇప్పుడే అక్కడికి చేరింది. ఆ కొస చుక్కనుంచి రోకలి గుంట మీదుగా మోకు లాగి, అది చూపిన వైపుకే కంతబండను తిప్పారు.

మరునాడు మంచు. "పొద్దు తిరిగిందా, సుంకీ?" అన్నాడు కాటయ్య. సుంకి పాత వరసల్లో ఒత్తు చుక్కలు లెక్కపెట్టింది. "ఇంకా లేదయ్యా."

ఆ మరునాడూ మంచే. "పొద్దు తిరిగిందా, సుంకీ?" "ఇంకా లేదయ్యా."

మూడోనాడు మంచు విడిపోయింది. వెలుగు కంతలో దూరి ఎముకలను తాకింది. ఊరంతా ఏడ్చింది. కాటయ్య అందరికన్నా గట్టిగా ఏడ్చాడు.

"నీకేం కావాలే?" అని సుంకిని అడిగాడు.

"లోపలుండే పెద్దాయన్ని తలుచుకునేముందు మా మద్దిని ఒకసారి పిలవండి. చాలు."

పిలిచారు. సుంకి పోయాక ఆమెనూ పిలిచారు. తరాలు గడిచాయి. పెద్దాయన ఎముకలు పోయాయి, పేరూ పోయింది. ఇప్పుడు రోళ్లూ రోకళ్లూ కూడా పోయాయి. అయినా ఏటా ఆ రోజున గుట్టకింది ఆడవాళ్లు కొస చుక్కమీద పిడికెడు కొర్రలు పోసి, "మద్దీ, గంజికి రా" అని పిలుస్తారు. ఆ ఊళ్లో ఎవరైనా తొందరపడి దేన్నైనా పడగొట్టబోతే, పక్కవాళ్లు చెయ్యి పట్టుకుంటారు.

"ఉండబ్బా. సుంకి ఇంకా చెప్పలేదు."