పచ్చరాతిపేట గంగమ్మ తల్లి

కళింగ తీరాన, ఏరు సముద్రంలో కలిసే చోట పచ్చరాతిపేట ఉంది. బస్సు దిగి గుడికి సరుగుడు తోటల గుండా నడవాలి. ఎండలో వచ్చేవారు గొడుగు మరవకండి. గర్భాలయంలో విగ్రహం వెనుక దీపం పెడితే అమ్మవారి మేను లేత తమలపాకులా వెలుగుతుంది. ఈ రాయి చీనా దేశం నుంచి వచ్చింది.

పూర్వం ఇక్కడ జాలరి గుడిసెలు తప్ప మరేమీ లేవు. ఆ కాలంలో చీనా చక్రవర్తి దక్షిణాది రాజొకరికి పట్టుబట్టలు, పింగాణీ, ఒక పచ్చరాయి కానుకగా పంపాడు. రాజు కోరిన రూపంలో ఆ రాతిని మలచడానికి షెన్ అనే శిల్పినీ ఓడ ఎక్కించాడు. అనుమతి లేకుండా రాతిపై గీత పడితే శిల్పి తల పోతుంది. తుఫానుకు ఓడ ఈ తీరంలోనే పగిలింది. సింహాద్రి అనే జాలరి ఈదుకుంటూ వెళ్ళి, పచ్చరాయి ఉన్న చెక్కపెట్టెను కరచుకున్న షెన్‌ను గట్టుకు తోసి, తాను మునిగిపోయాడు. ఊరి గంగమ్మ మట్టిబొమ్మ కూడా ఆ అలల్లోనే కరిగిపోయింది.

సింహాద్రి భార్య నూకాలు షెన్‌కు గంజి పోసి బతికించింది. అతడికి నాలుగు తెలుగు మాటలు పట్టుబడ్డాక ఒక్కటే అడిగింది.

"నా మగడు నీ కోసం పోనాడన్నా. ఆడి పేరున మా తల్లిని ఈ రాయిలో సెయ్యి."

షెన్ నలిగిపోయాడు. రాతిని తాకితే ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లిని ఇక చూడలేడు. ఆ రాత్రి కలలో ఒక స్త్రీ అలల నడుమ అటు తిరిగి నిలబడి కనిపించింది. ఇటు తిరగమని వేడుకుంటే, "నా ముఖానికి తొందర లేదు, ముందు పని మొదలుపెట్టు" అన్నదట.

గాలి మళ్ళి మరో చీనా ఓడ వచ్చేసరికి రాతిపై గీత పడి ఉంది. ఓడ నాయకుడు దాన్ని చూసి, జరిగిందంతా విని కళ్ళు తుడుచుకున్నాడు. రాయీ శిల్పీ సముద్రంలో పోయారని చెబుతానని మాట ఇచ్చి వెళ్ళిపోయాడు.

పచ్చరాయికి ఉలి పనికిరాదు. తడి ఇసుకతో రుద్ది రుద్ది అరగదీయాలి. నూకాలు ఇసుక జల్లించేది, షెన్ రుద్దేవాడు. అమ్మవారి చేతులూ చీర కుచ్చిళ్ళూ తేలేసరికి ఇద్దరూ ముసలివారయ్యారు. ముఖం మొదలుకాకుండానే షెన్ కన్నుమూశాడు. నూకాలు కరువుతీరా ఏడ్చి, మర్నాడు తానే ఇసుక చేత పట్టింది.

ఉలి దెబ్బ ఎరగని తల్లి కనుక నేటికీ ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. తెలియక తెచ్చుకున్నవారు తిరుగుదారిలో తినవచ్చు. భక్తులు చిటికెడు తడి ఇసుకతో అమ్మవారి ముఖాన్ని రుద్ది మొక్కుకుంటారు. సముద్రంలో మనిషిని పోగొట్టుకున్నవారిదే ముందు వరుస. ఇప్పటికి నుదురూ ఒక కనుబొమ్మా తేలాయి. ఇలా సేవించినవారి ఇంటి పడవ క్షేమంగా ఒడ్డు చేరుతుందని పేటవారి గట్టి నమ్మకం.

జాతర ముగిశాక జాలరులు నీటిలో దీపాలు వదులుతారు. ఒకటి సింహాద్రి పేరున. ఇంకొకటి షెన్ తల్లికి, ఆమె కొడుకు ఇక్కడ గంజి తాగి బతికాడని చెప్పడానికి.