హోరు గుహలో ఊడిన పన్ను

పెసరవలసలో అన్నిటికన్నా తెలివైన ఇల్లు ఏదని ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పలేరు. గవర్రాజుని అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతాడు. "మాదే!"

ఎందుకంటే ఆ ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తారు. రవ్వంత ఎక్కువా కాదు, రవ్వంత తక్కువా కాదు. గవర్రాజు తండ్రి బతికున్న రోజుల్లో పక్కింటాయన "ఈ తాడు కాస్త పట్టుకో, ఇప్పుడే వస్తా" అని ఎద్దు పలుపు చేతిలో పెట్టి సంతకి వెళ్ళాడు. సంతలో వియ్యంకుడు కనబడ్డాడు. అట్నుంచటే వాళ్ళ ఊరెళ్ళి, మూడు రోజులుండి, నాలుగో రోజు తిరిగొచ్చాడు. వచ్చేసరికి ఎద్దు నిలబడలేక పడుకుంది. గవర్రాజు తండ్రి మాత్రం తాడు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

కోడలు అచ్చియ్యమ్మ కూడా తక్కువదేం కాదు. పెళ్ళిచూపుల్లో "తల వంచుకుని కూర్చోవే" అన్నారు. మళ్ళీ ఎత్తమని ఎవరూ అనలేదు. అంతే, పెళ్ళయిన పదో రోజు ఎవరో ఎత్తమనేదాకా తల ఎత్తలేదు. అప్పటిదాకా మొగుణ్ణి కాలి బొటనవేలు చూసి గుర్తుపట్టేది.

"ఇంత తెలివైన పిల్ల దొరకడం మా అదృష్టం" అని అత్తగారు మంగయ్యమ్మ ఊరంతా తిరిగి చెప్పుకుంది.

ఇలా ఉండగా, వాళ్ళ కూతురు పైడితల్లికి బళ్ళో మాస్టారు సెలవుల్లో ఒక పని పెట్టారు. సముద్రాన్ని దగ్గర్నుంచి చూసి, ఐదు వాక్యాలు రాసుకురావాలి.

"దగ్గర్నుంచి అన్నారు గనక ఒడ్డున నిలబడితే కుదరదు. ఒడ్డు ఇసక, సముద్రం నీళ్ళు. నీళ్ళ మీద కూర్చుని చూడాలి" అని తేల్చాడు గవర్రాజు.

నీళ్ళ మీద కూర్చోబెట్టేవాళ్ళు ఎవరున్నారా అని వాకబు చేశాడు. పావురాల మెట్ట దగ్గర కయాకులని ఉన్నాయట. చిక్కుడుకాయల్లా సన్నగా, పొడుగ్గా ఉండే పడవలట. వాటిలో కూర్చోబెట్టి, తెడ్డు చేతికిచ్చి, కొండచరియల కిందా గుహల్లోకీ తిప్పి చూపిస్తారట. అంతే, ప్రయాణం కట్టారు.

తెల్లవారుజామున తొలి బస్సుకి బయల్దేరబోతుంటే మంగయ్యమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఒరే గవర్రాజూ, పిల్లల్ని ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తెచ్చి నాకు అప్పజెప్పాలి. వెంట్రుకంత తేడా వచ్చిందో, ఈ గుమ్మం తొక్కనివ్వను!"

గవర్రాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. అసలే పిల్లలంటే అతనికి ప్రాణం. వాళ్ళు తుమ్మితే ఇతనికి జ్వరం వస్తుంది. పైగా తల్లి మాట. "అలాగే తేవాలంటే, ఎలా తీసుకెళ్తున్నానో ముందు తెలియాలి కదా" అని నోటు పుస్తకం తీసి, పిల్లలిద్దర్నీ తల నుంచి కాలిదాకా చూసి రాసుకున్నాడు.

పైడితల్లి. రెండు జడలు. ఎర్ర రిబ్బన్లు. ఏడుస్తోంది. తన కోడిపెట్టకి కూడా సముద్రం చూపించాలని ఆ ఏడుపు.

సన్నిబాబు. వయసు ఆరు. చొక్కాకి బొత్తాలు నాలుగు. ఎడమ మోకాలి మీద పెచ్చు ఒకటి. పళ్ళు ఇరవై. నిద్రపోతున్నాడు.

"ఏమండీ, ఇరవైలో ఒకటి ఊగుతోంది" అంది అచ్చియ్యమ్మ, బిడ్డ నోట్లో వేలు పెట్టి చూసి.

ఇంకేముంది, గవర్రాజు బస్సులో ఉన్నంతసేపూ సన్నిబాబు గడ్డం కింద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా "నెమ్మదయ్యా, పన్నుంది!" అని డ్రైవర్ని కేకలేశాడు.

పిల్లాడు లేచి, "నాన్నా, ఆకలి" అన్నాడు.

"నోరు తెరవకు!"

"తెరవకుండా ఎలా తినాలి?"

"చూశావా, ఆ మాట అడగడానికి కూడా తెరిచావు. ముయ్యి."

పావురాల మెట్ట దగ్గర వాళ్ళని తీసుకెళ్ళే మనిషి నూకరత్నం. పాతికేళ్ళ జాలారి పిల్ల. ఆ తీరంలో ఏ రాయి కింద ఏ పీత కాపురముందో కూడా చెప్పగలదు. నలుగురికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడిగి, ఎదురుగా నిలబడింది.

"ఇదిగో అన్నయ్యా, ఒదినా, మూడే మూడు సంగతులు. ఒకటి, నేను విప్పమనేదాకా జాకెట్లు విప్పకూడదు. రెండు, నేనేటి చేస్తే మీరూ అదే చెయ్యాలి. మూడు, నా ఈల. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే ముందుకి, మూడుసార్లు ఊదితే వెనక్కి. పోటు రాకముందే గుహలోంచి బేగి వచ్చెయ్యాలి. లేదంటే గుహ నోరు నీళ్ళతో మూసుకుపోద్ది. అర్థమయిందా?"

గవర్రాజు అన్నీ రాసుకున్నాడు. చివర "అర్థమయిందా" అని కూడా రాసుకున్నాడు.

ముందు రత్నం ఒక కయాకులో, వెనకాల గవర్రాజూ సన్నిబాబూ ఒకదాంట్లో, అచ్చియ్యమ్మా పైడితల్లీ ఇంకోదాంట్లో. రత్నం తెడ్డు వేస్తే వీళ్ళూ వేశారు. బాగానే ఉంది. ఆవిడ మెడ గోక్కుంది. నలుగురూ మెడలు గోక్కున్నారు. అల ఎగిరి ఆవిడ నోట్లో ఉప్పునీళ్ళు పడ్డాయి, తుపుక్కున ఉమ్మింది. ఇంకేముంది, నోట్లో నీళ్ళు లేని వాళ్ళు ఉమ్మడం ఎలా? ముగ్గురు వంగి దోసిళ్ళతో సముద్రం నోట్లో పోసుకుని మరీ ఉమ్మారు. సన్నిబాబు వంతు వచ్చేసరికి తండ్రి వాడి నోరు చేత్తో మూసి, వాడి బదులు తనే ఇంకోసారి ఉమ్మాడు.

అంతలో ఓ చేపల పడవ ఎదురొచ్చింది. రత్నం చెయ్యూపి, "చిన్నాన్నా, చేపలు పడ్డాయా?" అని అరిచింది.

"చిన్నాన్నా, చేపలు పడ్డాయా?" అని అచ్చియ్యమ్మ అరిచింది. "చిన్నాన్నా, చేపలు పడ్డాయా?" అని గవర్రాజు. "చిన్నాన్నా!" అని పైడితల్లి. సన్నిబాబు మూసిన నోటితోనే "ఉమ్ముమ్మా, ఉమ్ము ఉమ్ముమ్మా?" అన్నాడు.

పడవలో ముసలాయన వల వదిలేసి నోరు తెరిచాడు. "ఓలమ్మ, రత్నం! మా అన్నకి ఇంతమంది పిల్లలు ఎప్పుడు పుట్టేరే?"

రత్నం సిగ్గుతో చచ్చిపోయింది. "అన్నయ్యా, అన్నీ చెయ్యక్కర్లేదు. నా తెడ్డు మీదే చూపు పెట్టండి, చాలు!"

అంతే. నలుగురి చూపూ తెడ్డుకి అతుక్కుపోయింది. పక్కనే గోడలా నిలబడ్డ ఎర్రటి కొండచరియలు, వాటి బొరియల్లో వేలకి వేలు పావురాలు, అడుగున నురగ కక్కుతున్న నీలం నీళ్ళు. వాళ్ళు ఒక్కటీ చూడలేదు.

"నాన్నా, సముద్రం చూడాలి కదా?"

"ముందు తెడ్డు చూడమ్మా. సముద్రం ఎక్కడికీ పోదు."

రత్నం ఒక రాయిని తప్పించుకుని పక్కకి తిరిగింది. తెడ్డునే చూస్తున్నవాళ్ళకి రాయి ఎలా కనబడుతుంది? రెండు కయాకులూ వెళ్ళి ఢామ్మని దాన్ని గుద్దుకున్నాయి. గవర్రాజు ముందు కొడుకు నోట్లోకి చూశాడు. పన్ను ఉంది. ఇంకాస్త ఎక్కువ ఊగుతోంది.

అలా అలా హోరు గుహలోకి చేరారు. లోపల పది ఏనుగులు పట్టేంత చోటుంది. పైకప్పు మీద నీటి వెలుగు మిలమిల్లాడుతోంది. వాళ్ళని ఒకచోట నిలబెట్టి గుహ చూపిద్దామని రత్నం ఒక్కసారి ఈల ఊదింది.

కూ!

నలుగురూ ఠక్కున ఆగారు. కానీ అది హోరు గుహ కదా, ఊరుకుంటుందా? ఆ ఈలని అందుకుని అటు గోడ నుంచి కూ, కూ అంది. "రెండు! ముందుకి!" అన్నాడు గవర్రాజు. ముందుకి పోయారు. లోపల్నుంచి కూ, కూ, కూ అంది. "మూడు! వెనక్కి!" వెనక్కి వచ్చారు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, రెండు కయాకులూ సన్నెకల్లు మీద పొత్రంలా ఆడుతున్నాయి.

"ఆగండీ!" అని అరిచింది రత్నం.

ఆగండీ, గండీ, అండీ అంది గుహ.

"ఏమండీ, విన్నారా? ఈ గుహ ఎంత మర్యాదగా మాట్లాడుతోందో!" అని మురిసిపోయింది అచ్చియ్యమ్మ.

ఆ మాటకి పైడితల్లి కిసుక్కుమంది. గుహ కూడా కిసుక్కుమంది. గుహే నవ్వేసరికి సన్నిబాబు పొద్దుట్నుంచి బిగబట్టిన నవ్వంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. నవ్వుతో పాటు పన్ను కూడా వచ్చి, టప్పున ఎక్కడో పడింది.

"పన్ను!" అని అరిచాడు గవర్రాజు. "ఎవరూ కదలకండి!"

కదలకండి, కదలకండి, కదలకండి అంది గుహ. ఇంతమంది చెప్పాక ఎవరు కదులుతారు? రెప్ప కూడా వెయ్యకుండా కూర్చున్నారు.

"అన్నయ్యా, పోటు వస్తోంది! గుహ నోరు చూడండి, ఇందాకటికి సగమైంది!" అంది రత్నం.

"పన్ను లేకుండా ఇంటికి ఎలా వెళ్ళనమ్మా? ఎలా తీసుకెళ్ళానో అలాగే తేవాలని మా అమ్మ ఆన" అంటూ గవర్రాజు ప్లాస్టిక్ కవర్లోంచి పుస్తకం తీసి చూపించాడు. "ఇదిగో, పళ్ళు ఇరవై. చూసుకో. పోటుకి నేను సమాధానం చెప్పుకోగలను. మా అమ్మకి చెప్పుకోలేను."

నీళ్ళు గోడ వెంట జానెడు పైకెక్కాయి. బతిమాలితే కదలరు, తిడితే కదలరు, ఈల వేస్తే మళ్ళీ పొత్రం ఆట. రత్నం తన కయాకుని గుహ నోటి వైపు తిప్పింది. తర్వాత గట్టిగా అంది.

"మళ్ళీ మొదటి మాటే! నేనేటి చేస్తే మీరూ అదే చెయ్యాలి!"

అని వెనక్కి చూడకుండా బయటికి తెడ్డేసింది. ఇంకేముంది, నలుగురూ ఆవిడ వెంటే. గవర్రాజు కళ్ళనీళ్ళు కారుస్తూనే తెడ్డేశాడు. తలలు వంచి, గుహ పైపెదవి కింద నుంచి జారిపోయి, ఎండలోకి వచ్చి పడ్డారు. వెనకాల నీళ్ళు గుహ నోటిని గుబుక్కున మూసేశాయి.

ఒడ్డుకి చేరగానే రత్నం ఇసకలో కూలబడి తల పట్టుకుంది. నలుగురూ కూలబడి తలలు పట్టుకున్నారు. ఆవిడ లేచి గవర్రాజు కయాకు బోర్లించబోతే వాళ్ళూ లేచి బోర్లించారు. నీళ్ళతో పాటు తెల్లటిది ఒకటి జారి ఇసకలో పడింది.

"ఇదిగో మీ పన్ను! పడవలోనే ఉంది! తీసుకుని మీ ఇంటికెళ్ళండి నాయనా, నేను చేసేవి ఈరోజుకి ఇంక చెయ్యొద్దు!"

గవర్రాజు పన్నుని కళ్ళకద్దుకున్నాడు. వాళ్ళు ఎక్కిన బస్సు మలుపు తిరిగాక గాని, జాకెట్లు విప్పమనడం మర్చిపోయానని రత్నానికి గుర్తు రాలేదు.

పన్ను దొరికింది సరే, దాన్ని దాని చోట్లో పెట్టాలి కదా? బస్సు ఊరి దగ్గర ఆగగానే గవర్రాజు ఒక వేరుశెనగ ఉండ కొన్నాడు. దాని పాకం గోకి, చేత్తో నలిపి, పన్నుకి పూసి, జాగ్రత్తగా చిగురు మీద అతికించాడు. పొద్దుట్నుంచి సన్నిబాబు నోట్లోకి వచ్చిన మొదటి తిండి అది. అంతే, పన్నుతో సహా గుటుక్కున మింగేశాడు.

గుమ్మంలో మంగయ్యమ్మ కాళ్ళు చాపుకుని సిద్ధంగా ఉంది. "చదవరా."

"పైడితల్లి. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు."

"ఉన్నాయి."

"ఏడుస్తోంది."

పైడితల్లి పగలబడి నవ్వుతోంది. గుహలో మొదలైన నవ్వు ఇంకా ఆగలేదు.

"ఏడవ్వే తల్లీ, ఒక్క నిమిషం" అని బతిమాలుతూ అచ్చియ్యమ్మే ఏడ్చేసింది. "అత్తా, నేను ఏడుస్తున్నా కదా, సరిపెట్టుకోకూడదా?"

"పుస్తకంలో నీ పేరు లేదుగా."

చివరికి గవర్రాజు, "నీ కోడిపెట్ట నిన్ను మర్చిపోయిందట" అన్నాడు. అంతే, పైడితల్లి బావురుమంది. గవర్రాజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

సన్నిబాబు తండ్రి భుజం మీద ఎలాగూ నిద్రపోతున్నాడు. బొత్తాలు నాలుగూ ఉన్నాయి. పెచ్చు ఉంది. మంగయ్యమ్మ వాడి నోరు తెరిచి వేలితో లెక్కపెట్టింది.

"పందొమ్మిది! ఇరవయ్యోది ఏదిరా?"

"లోపలే ఉందమ్మా. కాస్త కిందికి దిగింది. పిల్లాణ్ణి దాటి ఎక్కడికీ పోలేదు."

మంగయ్యమ్మ పుస్తకం వైపు వేలు చూపించింది. "పళ్ళు నోట్లో ఇరవై అని రాశావా, ఊరికే ఇరవై అని రాశావా?"

"ఊరికే ఇరవై అనే రాశా."

"అయితే సరిపోయింది" అని లేవబోయి, ఆగింది. "ఒరే, వీళ్ళ ఒంటి మీద ఈ నారింజ రంగువేంట్రా? వెళ్ళేటప్పుడు లేవే?"

గవర్రాజు ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. జాకెట్లతో గుమ్మం తొక్కితే అమ్మ మాట తప్పినట్టు. విప్పితే రత్నం మాట తప్పినట్టు. ఆ రాత్రి నలుగురూ అరుగు మీదే జాకెట్లతో, తాబేళ్ళలా వెల్లకిలా పడుకున్నారు.

పొద్దున్నే మంగయ్యమ్మకి ఉపాయం తట్టింది. "ఒరే, చాలా తేలిక! వీళ్ళని ఇప్పుడున్నట్టే మళ్ళీ తీసుకెళ్ళు. ఇలాగే తిరిగి తీసుకురా. అప్పుడు జాకెట్లున్నా తేడా ఉండదు కదా!"

"ఎంత తెలివమ్మా!" అని గవర్రాజు కొత్త కాగితం మీద రాసుకున్నాడు. నోట్లో పళ్ళు పందొమ్మిది, కడుపులో ఒకటి, ఒంటి మీద తలా ఒక జాకెట్టు. తీసుకెళ్ళడమంటే మరి సముద్రానికే కదా? తొలి బస్సెక్కారు.

రత్నం కయాకు ఇసక మీదికి లాగుతూ తలెత్తి చూసింది. నాలుగు నారింజ రంగు జాకెట్లు వరసగా దిగి వస్తున్నాయి. ఆవిడ మొహం చేటంత అయింది. "జాకెట్లు తెచ్చేసేరా! బంగారంలాంటి మనుషులు! విప్పెయ్యండి, విప్పెయ్యండి!"

రత్నం విప్పమంది గనక విప్పేశారు. మడతపెట్టి ఆవిడ చేతిలో పెట్టేశారు. అప్పుడు గవర్రాజు పుస్తకం తెరిచాడు. తలా ఒక జాకెట్టు అని ఉంది.

"అమ్మా రత్నం," అన్నాడు నీరసంగా, "అవి మళ్ళీ తొడుగు. తొడిగాక విప్పమని మాత్రం అనకు."

రత్నం ఇసకలో కూలబడి తల పట్టుకుంది. అది చూసి నలుగురూ కూలబడి తలలు పట్టుకున్నారు.

వాళ్ళలో సన్నిబాబు ఒక్కడే తల వదిలేసి, నోట్లో వేలు పెట్టుకుని, చాలా సంతోషంగా అన్నాడు.

"నాన్నా, దాని పక్కది కూడా ఊగుతోంది!"