బుంగమూతి చేప, ఒలిచిన రొయ్యలు

ఇటు జరుగు తల్లీ, నడుం పట్టేసింది. కళ్ళు మూసుకుని విను. మధ్యలో లేచి మంచినీళ్ళు అడక్కు.

అనగనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఆవిడకి మొగుడు, ఇద్దరు కొడుకులు, పళ్ళూడిపోయిన మామగారు. ఇంటిల్లిపాదికీ రొయ్యలంటే ప్రాణం. ఒలవడం మాత్రం ఎవరికీ చేతకాదు. చేతకాదని వాళ్ళే చెప్పేవారు. అందుకని నూకరత్నమే పీట వేసుకుని కూచుని, తలకాయలు తీసి, పెంకులు ఒలిచి, వండి, వడ్డించి, అందరూ లేచాక చల్లారిన కూర తినేది.

ఒకరోజు మొగుడు పైడిరాజు వలలో పడిన చేపనొకదాన్ని బకెట్లో వేసుకుని తెచ్చాడు. అది తినే చేప కాదమ్మా, తింటే మనిషి బతకడు. గుండ్రటి మొహం, ఇంతింత కళ్ళు. భయమేస్తే నీళ్ళు మింగేసి బంతిలా ఉబ్బిపోతుంది. పిల్లలు దానికి బుంగమూతి అని పేరు పెట్టారు.

అప్పుడు పెద్ద గాజుతొట్టి కొన్నారు. ఉప్పునీళ్ళలో తప్ప అది బతకదాయె. సముద్రం నించి డబ్బాలతో నీళ్ళు మొయ్యాలి. మొదట పైడిరాజు మోశాడు. ఆ తర్వాత పిల్లలు మోశారు. ఆ తర్వాత ఎవరు మోశారో నేను చెప్పాలా?

మోస్తే మోసింది గానీ, నూకరత్నానికి ఆ చేప మీద మమకారం పుట్టింది. తను గదిలోకి రాగానే ఎదురొచ్చేది ఇంట్లో అదొక్కటే. గాజుకి మూతి ఆనించి తోక ఊపేది. దానికీ రొయ్యలు ఒలిచి, మెత్తటి కండ మాత్రం వేసేది.

కొన్నాళ్ళకి బుంగమూతి తిండి మానేసింది. దగ్గరికొస్తుంది, మూతి ఆనిస్తుంది, వెనక్కి పోతుంది. గట్టిగా ఉందేమోనని నూకరత్నం సన్నగా తరిగి వేసింది. తినలేదు. అప్పుడు రోట్లో నూరి వేసింది. తినలేదు. ఆ తర్వాత ఆ ముద్ద వేలికి రాసుకుని, చిన్నప్పుడు మీ అమ్మకి నేను పెట్టినట్టు, నోటిదాకా తీసుకెళ్ళింది. అయినా తినలేదు. పొట్ట లోపలికి పోయి, అడుగున ఇసకలో పడుకుంది.

"ఇంక అది బతకదులే" అన్నాడు పైడిరాజు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

నూకరత్నం ఊరుకోలేదు. చేపని బకెట్లోకి దింపి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, పట్నంలో పెంపుడు చేపలమ్మే షాపుకి తీసుకెళ్ళింది. దారంతా నీళ్ళు తొణికి చీర తడిసిపోయింది.

షాపాయన దాని నోరు చూశాడు. "ఏం పెడుతున్నారమ్మా?"

"ఒలిచిన రొయ్యలేనండీ. పెంకు ముక్క తగలనివ్వను."

"అదేనమ్మా వచ్చిన చిక్కు. దీని పళ్ళు మన గోళ్ళలా పెరుగుతూనే ఉంటాయి. పెంకులు కొరికితేనే అరుగుతాయి. ఇప్పుడవి పెరిగిపోయి నోరు తెరుచుకోవట్లేదు. దీనికి ఆకలి లేక కాదు, తినలేక."

నూకరత్నానికి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక బల్ల మీద కూలబడింది. అంత ప్రేమగా ఒలిచి పెట్టి, దాన్ని పస్తులుంచింది తనే కదా!

షాపాయన మత్తుమందు కలిపిన నీళ్ళలో చేపని పడుకోబెట్టి, ఆ పళ్ళు జాగ్రత్తగా కత్తిరించాడు. "ఇకమీదట పెంకుతోనే వెయ్యండి. కొరుక్కోవడం దాని పని" అన్నాడు.

ఇంటికొచ్చి, కాస్త తేరుకున్నాక, తలకాయతో సహా ఒక రొయ్య వేసింది. బుంగమూతి వచ్చింది, చూసింది, కరక్కున కొరికింది. నూకరత్నం తొట్టి ముందు నేల మీదే చతికిలబడింది. పెంకులు గీరుకుపోయిన తన వేళ్ళకేసి చాలాసేపు చూసుకుంది.

ఆ పూట అందరికీ రొయ్యల కూర వడ్డించింది. పెంకులతోనే. మామగారికి మాత్రం ఒలిచి పెట్టింది, పాపం ఆయనకి పళ్ళు లేవుగా.

"ఇదేంటే, ఒలవలేదూ?" అన్నాడు పైడిరాజు.

"మీ అందరి పళ్ళూ పెరిగిపోతాయేమోనని భయమేసింది" అంది నూకరత్నం.

అందరూ సణుక్కుంటూ ఒలుచుకున్నారు. చేతకానివాళ్ళకి భలే చేతనైంది! అప్పుడు తనూ కంచం తెచ్చుకుని వాళ్ళ మధ్యే కూచుంది. కూర ఇంకా పొగలు కక్కుతోంది. తను వండిన కూర వేడిగా ఉంటే ఎంత బావుంటుందో ఆవిడకి ఆ పూటే తెలిసింది.

కథ వెళ్ళింది కంచికి,
నా నడుం చేరింది మంచానికి,
నిద్దరొచ్చింది ఇద్దరికి.