నూకాలు పడవ బేరం

పడవ ఎప్పుడు కొనాలర్రా, ఏరు నిండాకా, నిండకముందా? తెలీదా? అయితే వినండి.

పూర్వం ఏటి నడుమ లంకలో నూకాలు ఒంటరిగా ఉండేది. మొగుడు పోయాక మాటామంతీ అంతా గేదెతోనే. వానాకాలం నాలుగు నెలలూ మనిషి ముఖం కనపడదు. అందుకే ఎండాకాలంలోనే పడవ కోసం ఒడ్డుకు వచ్చింది.

కామందు సూరపరాజు తన పాత పడవకు కొత్తరంగు పూయించి పెట్టాడు.

"నీ గేదెనిచ్చి పట్టుకుపో, నూకాలూ. ఏనుగునెక్కించినా మునగదు!"

"అలాగే బాబుగారూ. పాయలో నడుంలోతు నీళ్ళున్నాయి. మీరే ఎక్కి లంకకు తెచ్చిచ్చి, గేదెను తోలుకెళ్ళండి."

కామందు తడబడ్డాడు. "నేనెక్కడం ఎందుకే? బండి మీద వేసి పంపిస్తాలే."

"పడవను ఏరు దాటించేది బండేనా? అయితే ఆ బండే ఇప్పించండి, గేదెనిస్తాను!"

ఒడ్డున బట్టలుతికేవాళ్ళంతా పకపకా నవ్వారు. కామందు కండువా దులుపుకుని ఇంటిదారి పట్టాడు.

నూకాలు నీళ్ళలో నడుచుకుంటూ లంకకు చేరింది. తానన్న మాట చెప్పుకుని నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు. గేదె మెడ నిమురుతూ దానికే అంతా చెప్పింది.

"ఈ వానలకీ మనిద్దరమేనే," అంది చివరికి.

ఇక లేస్తానర్రా, తిరగలి దగ్గర కందులు సగమే విసిరాను.