వంగిన చూరు

గోల్కొండకు రెండు రోజుల నడక దూరంలో ఒక రాతిగుట్ట మీద మసీదు కడుతున్న కాలం అది. గోడలు లేచాయి. గుమ్మటం నిలిచింది. ముందువైపు చూరు ఒక్కటే మిగిలింది.

ఆ చూరురాళ్ళ మీద, ఎక్కడ చెక్కాలో గీత గీసే పని బాయజీదుది. ఎనిమిదేళ్ళుగా అతను ఉస్తాద్ సంజర్ దగ్గర శిష్యుడు. ఉస్తాద్ బాగా ముసలివాడు. గోడ కట్టడంలోనైనా, దేవుణ్ణి తలుచుకోవడంలోనైనా అక్కడివాళ్ళకు ఆయనే గురువు.

ఒక పొద్దున రాతిపని చేసే ఎర్రోజు, తాను చెక్కిన పదకొండు రాళ్ళను మసీదు ముంగిట్లో వరుసగా పేర్చి బాయజీదును పిలిచాడు.

"ఒక్కపారి ఇటు చూడు, బాయజీదూ."

చూశాడు. మధ్యలో రాళ్ళు పైకి లేచి ఉన్నాయి. రెండు కొనలూ కిందికి దిగి ఉన్నాయి. వరుసంతా కలిపి చూస్తే పడవను బోర్లించినట్టుంది.

"నువ్వు గీసినట్టే కొట్టిన. ఒక్కొక్క రాయి చూస్తే తెల్వలేదు. పక్కపక్కన పెడితే తెలిసింది," అన్నాడు ఎర్రోజు. అతని గొంతులో కోపం లేదు. మూడు నెలల అలసట ఉంది.

ఎలా జరిగిందో బాయజీదుకు తెలుసు.

అతనిది వంగదేశం. అక్కడ వెదురుతో ఇళ్ళు కడతారు. పచ్చి వెదురును సెగ మీద కాచి వంచి, దాని మీద గడ్డి కప్పుతారు. నాలుగు నెలలు కురిసే వాన ఆ వంపు మీద నిలవకుండా జారిపోతుంది. ఆ దేశంలో ఇటుకతో కట్టిన మసీదులకు కూడా చూరు అలాగే వంగి ఉంటుంది. కప్పులు వంచడం బాయజీదు తండ్రి పని. ఒక ఏడు నది ఒడ్డు తెగి, ఇల్లూ తండ్రీ ఒకే రాత్రి కొట్టుకుపోయారు. బాయజీదు బిడారుల వెంట నడిచి నడిచి ఈ ఎండదేశం చేరాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

కానీ గీత గీయడానికి వంగినప్పుడల్లా ఏదో అయ్యేది. గుట్ట మీది వేడి మెల్లగా దూరం జరిగేది. రాతికి పూసిన తెల్లటి సున్నం మీద నీటి వెలుగు కదిలినట్టుండేది. పక్కన ఎవరో కూర్చుని, కూనిరాగం తీస్తూ వెదురు వంచుతున్నట్టుండేది. తేరుకునేసరికి గీత అయిపోయి ఉండేది.

బాయజీదు పెద్ద సుత్తి తెచ్చి మొదటి రాయి ముందు నిలబడ్డాడు. ఉస్తాద్ చిన్నగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఏం చేస్తున్నావు, బేటా?"

"పగలగొడుతున్నాను, ఉస్తాద్. రేపటి నుంచి నన్ను సున్నం గానుగ దగ్గరికి పంపండి. ఈ చెయ్యి గీతకు పనికిరాదు."

"రాళ్ళేం చేశాయి?"

"ఇవి ఇక్కడివి కావు. ఎక్కడో నీళ్ళ దేశానివి. ఈ గోడ మీద వీటికేం పని?"

ఉస్తాద్ తలాడించాడు. "సరే. సుత్తి పట్టుకుని నా వెంట రా."

ఇద్దరూ కొంచెం వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. గుమ్మటం అడుగున, గచ్చుతో తీర్చిన తామర రేకులు చుట్టూ విచ్చుకుని ఉన్నాయి. గుమ్మటం వాటిలోంచి పుట్టినట్టుంది.

"అవెక్కడివి?"

"ఎర్రోజు వాళ్ళన్న తీర్చాడు. వాళ్ళ ఊరి గుడి స్తంభాల మీద ఉన్నవే."

"అయితే అక్కడ మొదలుపెట్టు. నిచ్చెన వేయిస్తాను."

బాయజీదు కదల్లేదు. ఉస్తాద్ అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు. పక్క కిటికీకి రాతి జాలీ ఉంది. ఒకే రాతిలో తొలిచిన కొమ్మలూ ఆకులూ. వాటి సందుల్లోంచి వెలుగు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"ఇది?"

"గుజరాత్ నుంచి వచ్చిన దావల్ భాయ్ చెక్కాడు."

"కొట్టు."

బాయజీదు తల దించుకున్నాడు. ఉస్తాద్ ముందుకు నడిచి కమాను కింద ఆగాడు. పైకి పోయేకొద్దీ సన్నబడి, కొస దగ్గర మొనదేలిన కమాను.

"ఇది?"

"మీరు గీసిందే. మీ ఊరు హేరాత్ తీరు."

"దీన్నీ కొట్టేయ్."

మళ్ళీ ముంగిట్లోకి వచ్చారు. ఉస్తాద్ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, మొదటి రాయి మీద తన కుడి చెయ్యి బోర్లించి పెట్టాడు. ముడతలు పడ్డ చెయ్యి. గోళ్ళ సందుల్లో సున్నం.

"ఇక ఇదొక్కటే మిగిలింది. ఇదీ హేరాత్‌లోనే పుట్టింది," అన్నాడు.

బాయజీదు చాలాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత సుత్తిని చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

ముంగిట్లో ఓ మూల, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే చోటుకు నీడ లేదు. ఉస్తాద్ చెప్పగా అక్కడ నాలుగు స్తంభాలు నిలబెట్టి కప్పు వేసి, ఆ పదకొండు రాళ్ళనూ దాని ముందువైపు చూరుగా ఎక్కించారు. పది రోజులు పట్టింది. ఎర్రోజు ఒక పక్క పట్టాడు, బాయజీదు ఇంకో పక్క.

పదకొండోనాడు మధ్యాహ్నం ఎర్రోజు తల్లి కొడుక్కి సద్ది తెచ్చి, ఆ కొత్త నీడలో కూర్చుంది. తలెత్తి చూసింది.

"ఇదేంది బిడ్డా, ఇట్ల వంగింది?"

"మా ఊళ్ళో ఇళ్ళు ఇట్లాగే ఉంటాయమ్మా," అన్నాడు బాయజీదు.

"మీ ఊరు ఏడుంటది?"

చెప్పాడు. నది గురించి చెప్పాడు. వాన మొదలైతే గుమ్మం దాకా వచ్చే పడవల గురించి చెప్పాడు. సెగ తగలగానే వెదురులోంచి వచ్చే తియ్యటి వాసన గురించి చెప్పాడు. ముసలమ్మ మధ్యలో ఒక్కటే అడిగింది.

"మీ నాయిన పేరేంది?"

ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరు అతని నోటి వెంట వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా పొద్దు వాలేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆ పూట ఎర్రోజు మళ్ళీ ఉలి పట్టలేదు.

మర్నాడు గుట్ట కింది నుంచి మసీదు చూరుకు కొత్త రాళ్ళు వచ్చాయి. బాయజీదు వాటి మీద గీతలు గీశాడు. ఈసారి ఎర్రోజు ఉలి పెట్టకముందే రాళ్ళన్నీ వరుసగా పేర్చి, ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి పట్టాడు. దారానికీ గీతకూ వెంట్రుకంత తేడా లేదు.

ఎర్రోజు ఉస్తాద్‌ను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఉస్తాద్ ఆ వంగిన చూరు కింద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"బాయజీదు చెయ్యి తిన్నగయింది, ఉస్తాద్. ఏం చేసిండ్రు మీరు?"

"నేనేం చేశాను?" అన్నాడు ఉస్తాద్. "పాపం, ఆ వంపుకు ఇన్నాళ్ళూ ఉండటానికి చోటు లేదు."

అని రెండో కాలు మీద నీళ్ళు పోసుకున్నాడు.